చిక్కటి నూనె, నాలుగో బేరింగు

1938వ సంవత్సరం, జనవరి నెల. అప్పటికి మా మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది, కర్నూలు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. కంభం బాట పక్కన రేకులు కప్పిన షెడ్డు ఒకటి వేసుకుని నేను మోటారు బండ్లు బాగుచేసేవాణ్ణి. ఊళ్ళో సొంత కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వాటికి తోడు పలకల గనుల దగ్గర తిరిగే లారీలు, పొదిలి వైపు పోయే బస్సులు. మా నాయన కమ్మరి, ఎద్దుల బండి చక్రాలకు ఇనప పట్టాలు వేసేవాడు. నేను బెజవాడలో ఒక వర్క్‌షాపులో నాలుగేళ్ళు చాకిరీ చేసి, ఆ తర్వాత దొనకొండ రైల్వే షెడ్డులో పనిచేసే ఒక ఫిట్టరు దగ్గర బేరింగులు పోతపొయ్యడం నేర్చుకుని, ఊరికి తిరిగి వచ్చి సొంతంగా కూర్చున్నాను. నాకు పని తెలుసు. తెలుసునన్న పొగరు కూడా ఉండేది. ఆ పొగరు ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మెకానిక్కు కనబడితే జనం మొదట అడిగేది ఒకటే ప్రశ్న. "ఏ నూనె మంచిది?" అంటారు. ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఏ ఇంజనుకు, ఏ కాలంలో అని అడిగితే ఉంది. నూనె డబ్బా మీద ఎస్.ఎ.ఇ. అని మూడు అక్షరాలు, పక్కన ముప్పయ్యో నలభయ్యో అరవయ్యో ఒక అంకె ఉంటాయి. ఆ అంకె నాణ్యత కాదు, బలం కాదు. నూనె ఎంత నిదానంగా పారుతుందో చెప్పే అంకె. ఇంగ్లీషులో విస్కాసిటీ అంటారు. అంకె పెరిగేకొద్దీ నూనె చిక్కన, తగ్గేకొద్దీ పల్చన. ఇంత చిన్న సంగతి చదువుకున్నవాళ్ళకు కూడా ఒకంతట ఎక్కదు, ఎందుకంటే మన ఇళ్ళల్లో చిక్కటిదే మంచిది. పాలు చిక్కగా ఉండాలి, మజ్జిగ చిక్కగా ఉండాలి. బండి ఇరుసుకు పూసే కందెన ఎంత చిక్కగా ఉంటే అంత మంచిది. మోటారు ఇంజను దగ్గర ఆ లెక్క తప్పుతుంది.

సుబ్బయ్య శెట్టిగారిది నూనెల వ్యాపారం. ఆముదం, వేరుశనగ, నువ్వుల నూనె. గానుగల వాళ్ళు డబ్బాలు తెచ్చి దించితే ఆయన ఒక చుక్క బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టుకుని నలిపి, వేళ్ళు మెల్లగా విడదీసేవారు. మధ్యలో తీగ సాగితే సరుకు లోపలికి, సాగకపోతే బయటికి. నలభై ఏళ్ళ వ్యాపారంలో ఆ రెండు వేళ్ళు ఆయన్ను మోసం చెయ్యలేదని చుట్టుపక్కల తాలూకాలన్నీ ఒప్పుకునేవి. మాటకు నిలబడే మనిషి. కాకపోతే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

1935లో ఆయన ఒక పాత టూరింగ్ కారు కొన్నారు. ఎవరో దొర వాడి వదిలించుకున్నది. పైన గుడ్డ టాపు, ఇంజను లోపల పిస్టన్ రింగులు అరిగిపోయి సందులు పడ్డాయి. అది బజారున పోతుంటే వెనక ఇటుకబట్టీ కదిలిపోతున్నట్టు పొగ. పల్చటి నూనె ఆ సందుల్లోంచి పైకి ఎక్కి కాలిపోయేది. శెట్టిగారు నన్ను పిలిపించారు. నేను చూసి, "పల్చటి నూనె నిలవదు శెట్టిగారూ. చిక్కటిది పొయ్యండి. అరవై నెంబరు తెప్పించండి" అన్నాను. తెప్పించారు, పొగ సగం తగ్గింది. ఆయన ఆ నూనెను వేళ్ళ మధ్య సాగదీసి చూసుకుని, "నూనె అంటే ఇదీ" అని మురిసిపోయారు. ఆ బండికి అది సరైన సలహానే. ఈ రోజుకీ అదే చెప్తాను.

1937 దీపావళికి ఆ పాత కారు పోయి కొత్తది వచ్చింది. మద్రాసు నుంచి తెప్పించిన ఇంగ్లీషు కారు, నాలుగు సిలిండర్లు, మూసిన పైకప్పు, నలుగురు ఎక్కాల్సిన చోట శెట్టిగారి ఇంటిల్లిపాదీ ఎక్కేవాళ్ళు. పెద్దకూతుర్ని గిద్దలూరు ఇచ్చారు. ప్రతి గురువారం తెల్లవారగానే ఆయనా, ఆయన భార్య రంగమ్మగారూ కారులో గిద్దలూరు పోయి, ఆయన అక్కడి వ్యాపారం చూసుకుని, ఆమె కూతుర్నీ మనవల్నీ చూసుకుని సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్ళు. బండి తోలేది చెన్నయ్య. కొనకనమిట్ల దగ్గర పల్లె అతనిది, మెట్టచేను దున్నుకునే ఇంటివాడు. వ్యవసాయం వానల మీదే కాబట్టి పలకల లారీల మీద తిరిగి డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. కారును మాత్రం రోజూ దూడను తుడిచినట్టు తుడిచేవాడు.

డిసెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం ఆ కారు టకటకమని చప్పుడు చేస్తూ నా షెడ్డుకు వచ్చింది. విప్పి చూస్తే నాలుగో సిలిండరు బిగ్ ఎండ్ బేరింగు కరిగిపోయి ఉంది. పిస్టన్ కిందికి దిగే కడ్డీ, తిరిగే షాఫ్టును పట్టుకునే చోటును బిగ్ ఎండ్ అంటారు. అక్కడ వైట్ మెటల్ అనే మెత్తటి లోహం పోతపోసి ఉంటుంది. నూనె పొర అందినంతకాలం అది ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నూనె అందకపోతే కొద్ది మైళ్ళలోనే కరుగుతుంది. నేను మూసలో లోహం కాచి కొత్తగా పోతపోస్తుండగా శెట్టిగారు వచ్చి నిలబడ్డారు. చెన్నయ్య పక్కనే ఉన్నాడు.

"ఏంది బ్రహ్మయ్యా ఇది? కొత్త బండి గదా?" అన్నారు శెట్టిగారు.

నేను తల కూడా ఎత్తలేదు. "కొత్త ఇంజను పోయిందంటే ఏముంది శెట్టిగారూ, అంతా తోలేవాని చేతిలో ఉంటది" అన్నాను.

అంతే అన్నాను. ఆలోచించి అన్నది కాదు, పని మధ్యలో నోటికి వచ్చింది అనేశాను. చెన్నయ్య నా వైపు ఒకసారి చూసి, చేతిలో ఉన్న గుడ్డను మడతపెట్టుకుంటూ బయటికి పోయాడు.

మూడు వారాలు తిరక్కుండా ఒక గురువారం అదే కారు రెండు జతల ఎద్దుల వెనక వచ్చింది. కంభం ఇవతల ఆగిపోయిందట. తాడు కట్టి లాక్కొస్తుంటే బజారులో జనం అరుగుల మీదికి ఎక్కి చూశారు. చెన్నయ్య కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు పట్టుకుని పక్కనే నడుస్తూ వచ్చాడు. మరునాడు పొద్దున శెట్టిగారు షెడ్డుకు వచ్చి నా ముందున్న పెట్టె మీద కూర్చున్నారు.

"వాణ్ణి మానిపించినా" అన్నారు. "నంద్యాలలో ఒక బస్సాయన వాణ్ణి పెట్టుకుందామని చూస్తా ఉన్నాడు. మనిషి ఎట్లాంటోడని పోయిన వారమే నాకు కార్డు రాసినాడు. నోటికొచ్చింది రాసి పంపేది నాకు చేతకాదు. ఇంజను సంగతి నాకేం తెలుసు? నువ్వు విప్పి చూసి, డ్రైవరు అజాగ్రత్తతో పోయిందని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టియ్యి. అదే పంపుతా."

ఆ రోజుల్లో డ్రైవరుకు పాత యజమాని ఇచ్చే చిట్టీయే ప్రాణం. ఇంజన్లు పాడుచేస్తాడని ఒకసారి కాగితం మీదికి ఎక్కితే నంద్యాల నుంచి ఒంగోలు దాకా ఎవరూ స్టీరింగు ముట్టుకోనివ్వరు. శెట్టిగారిది పగ కాదు. నా మాట నమ్మారు, దానికి ఇప్పుడు కాగితం అడుగుతున్నారు. "సరే శెట్టిగారూ, విప్పినాక రాసిస్తా" అన్నాను.

ఆ మరునాడు తెల్లవారుజామున చలికి వణుకుతూ కారు కింద దూరి సంపు బోల్టు విప్పాను. సంపు అంటే ఇంజను అడుగున నూనె నిలవ ఉండే తొట్టి. మొదటిసారి మధ్యాహ్నం పూట, ఇంజను ఇంకా వేడిగా ఉండగా విప్పినందువల్ల నూనె జారిపోయింది, నేను గమనించలేదు. ఈసారి అది దిగదు. తీగలాగా వేలాడుతూ, తెగకుండా, జాలి తలిచినట్టు దిగింది. నేను ఒక బీడీ తాగి రెండోది ముట్టించినా ఇంకా వస్తూనే ఉంది. కొంచెం వేళ్ళ మధ్య నలిపి చూశాను. నోట్లో బీడీ ఆరిపోయింది.

లోపల చూస్తే మళ్ళీ నాలుగో బేరింగే. మిగిలిన మూడూ కొత్తవాటిలా ఉన్నాయి. మోటుగా తోలితే నాలుగింటికీ దెబ్బ తగలాలి గాని, ఒక్కదానికే రెండుసార్లూ తగలదు. నూనె పంపు ఇంజను ముందువైపున ఉంది. నాలుగోది అన్నిటికంటే దూరం. చలిపొద్దున చిక్కటి నూనె సన్నటి రంధ్రాల్లో పారుకుంటూ దాని దాకా పోయేసరికి బండి ఊరు దాటి ఎత్తు ఎక్కుతూ ఉండాలి. అంతసేపూ ఆ బేరింగు పొడిగా తిరిగింది. అంటే చెన్నయ్య చేతిలో ఏమీ లేదు.

నేరుగా శెట్టిగారి దుకాణానికి పోయాను. "ఈ బండికి నూనె ఎవరు పోస్తారు శెట్టిగారూ?" అన్నాను.

"నేనే. నూనె పని ఇంకొకని చేతికి ఎందుకిస్తా?"

"ఏ నూనె?"

ఆయన లోపలికి పోయి డబ్బా తెచ్చి గర్వంగా నా ముందు పెట్టారు. దాని మీద అరవై. "నువ్వు చెప్పిందే గదా. మూడేండ్ల నుంచీ అదే తెప్పిస్తా ఉండా" అన్నారు.

"అది పాత బండికి చెప్పింది..."

"ముసలి బండికే అంత మంచిది పోసినాక కొత్తదానికి నీళ్ళు పొయ్యమంటావా ఏంది?" అని ఆయన నవ్వారు. "నువ్వు చెప్పింది నేను మర్చిపోలా. చిక్కటిది పొయ్యండి అన్నావు. ఏ బండికని నువ్వు అన్లేదు."

నిజమే. అనలేదు. నేను తేలు కుట్టిన దొంగలాగా డబ్బా అక్కడే పెట్టి తిరిగి వచ్చేశాను.

ఆ రోజంతా పని సాగలేదు. ఇక్కడ దాచకుండా చెప్తాను. సాయంత్రం ఒక కాగితం తీసుకుని 'డ్రైవరు అజాగ్రత్త' అనే దాకా రాశాను కూడా. నిజం చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. బ్రహ్మయ్య మాట విని శెట్టిగారి కొత్త కారు రెండుసార్లు పాడైందని వారం లోపల కంభం దాకా చెప్పుకుంటారు. లారీల వాళ్ళు వేరే షెడ్డు చూసుకుంటారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, చెన్నయ్యకు కూడా. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నేను చేసింది అతని మీద పడింది, అక్కడితో సరిపోతుంది. ఆ కాగితం నా చేత మొదట చింపించింది ధర్మబుద్ధి కాదు, భయం. అరవై నెంబరు పోస్తున్నంతకాలం కొత్త డ్రైవరు చేతిలో కూడా ఆ నాలుగో బేరింగు పోతుంది. అప్పుడు ఎవరి పేరు చెప్పాలి? సిగ్గు ఆ తర్వాత వచ్చింది. వచ్చాక మాత్రం పోలేదు.

మరునాడు పొద్దు పొడవకముందే బస్సుల వాళ్ళ దగ్గర కొన్న ముప్పై నెంబరు డబ్బా సైకిలుకు కట్టుకుని శెట్టిగారింటికి పోయాను. ఆయన స్నానం చేసి పెరట్లోకి వచ్చారు. ఏం చెప్పినా వినరని తెలుసు కాబట్టి చెప్పకుండా చూపిద్దామనుకున్నాను. ఆయన దుకాణంలో వాడే ఇత్తడి గరాటులు రెండు అడిగి, రెండు చెంబుల మీద పెట్టి, ఒకదాంట్లో నా ముప్పై, ఒకదాంట్లో ఆయన అరవై సమంగా పోశాను. రాత్రంతా డబ్బాలు చలిలో ఉన్నాయి. శెట్టిగారు తులసికోటకు నీళ్ళు పోసి వచ్చేసరికి ముప్పై చాలావరకు దిగిపోయింది. అరవై గరాటులో నిండుగానే ఉంది.

"దిగకపోతే మంచిదే గదా, నిలబడి ఉంటది" అన్నారాయన.

"నిలబడింది గరాటులో శెట్టిగారూ. కింద బేరింగు ఎండిపోతా ఉంది."

"మరి ఒత్తిడి ముల్లు? స్టార్టు చేస్తానే పైదాకా పోతది. అంత ఒత్తిడి ఉన్నాక నూనె పోకుండా ఎట్ల ఉంటది?"

ఇది మంచి ప్రశ్న. డ్రైవర్లలో కూడా చాలామంది ఇక్కడే పొరబడతారు. కారు లోపల బిగించిన ఆయిల్ ప్రెషర్ గేజి, నూనె ఎంత పారుతుందో చూపదు. పంపు దగ్గర ఎంత బిగువుందో చూపుతుంది. దారి సన్నగా ఉండి నూనె చిక్కగా ఉంటే ముందుకు పోలేక అక్కడే బిగుస్తుంది, ముల్లు పైకి లేస్తుంది, ఎక్కువైన నూనె వాల్వులోంచి తిరిగి సంపులో పడుతుంది. "సంతలో జనం కిక్కిరిసి నిలబడినారంటే అందరూ ముందుకు పోతా ఉన్నారని కాదు గదా, దారి దొరకలేదని" అన్నాను. శెట్టిగారు గరాటు వైపే చూస్తున్నారు.

వంటింటి గడప దగ్గర నిలబడి అంతా వింటున్న రంగమ్మగారు అప్పుడు మాట్లాడింది.

"ఈ కాలంలో పిల్లోల్లకు ఆముదం కాయకుండా తలకు పెడతామా?" అంది ఆయనతో. "గిన్నె వెచ్చజేస్తే గాని మాడుకు దిగదు. ఇదీ అట్లాంటిదేనేమో. చెన్నడు బండి స్టార్టు చేసినప్పుడల్లా రెండు నిమిషాలు ఆగనియ్యండి శెట్టిగారూ అని అడుగుతానే ఉన్నాడు. మీరేమో కసిరితిరి."

ఈ సంగతి నాకు తెలియదు. అడిగితే ఆమె చెప్పింది. గురువారం ప్రయాణానికి శెట్టిగారు పంచాంగం చూసి, వర్జ్యం తప్పించి, మంచి ఘడియ పెట్టుకునేవారు. ఆ ఘడియకు బండి స్టార్టు కావాలి, అయిన వెంటనే కదలాలి. కదలబోయి వాకిట్లో నిలబడితే పోయిన పని నిలబడిపోతుందని ఆయన పట్టింపు. మా ఊళ్ళో బేరానికి పోయేవాళ్ళందరికీ ఉండే పట్టింపే అది. ఎద్దుల బండికి దాని వల్ల ఏ నష్టమూ లేదు. చల్లటి ఇంజనులో అరవై నెంబరు పోసి, గడప దాటగానే గిద్దలూరు బాట పట్టిస్తే ఏ చెన్నయ్య మాత్రం ఏం చేస్తాడు?

ఇక దాచి లాభం లేదు. "అరవై నెంబరు చెప్పింది నేను శెట్టిగారూ. ఏ బండికో, ఎందుకో విడమరిచి చెప్పలా. మొదటిసారి పోయినప్పుడు నూనె చూడకుండానే చెన్నయ్య మీద మాట అనేసినా. తప్పు నాది. వానిది కాదు" అన్నాను.

శెట్టిగారు లోపలికి పోయి ఇనప్పెట్టెలోంచి కారుతో వచ్చిన ఇన్‌స్ట్రక్షన్ బుక్కు తెచ్చారు. అట్ట మీద పసుపు, కుంకుమ బొట్లు. బండి కాగితాలతో పాటు పూజలో పెట్టి, అటునుంచి పెట్టెలో దాచిపెట్టారు. ఎవరూ తెరవలేదు. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే గాని నూనె పేజీ చదవగలను. వేడి దేశాలలో చలికాలానికి ముప్పై, ఎండాకాలానికి నలభై అని ఉంది. వేలు పెట్టి చూపించాను.

"నూనె సంగతి నా వేళ్ళకు తెలుసనుకుంటి" అన్నారాయన.

"తెలుసు శెట్టిగారూ. ఇంజను లోపల సందు ఎంతుందో వేళ్ళకు తెలీదు."

"నీకు తెలుసు గదా?" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. నాకు మాత్రం గట్టిగా తగిలింది.

బేరింగు మళ్ళీ పోతపోశాను. ఈసారి కూలి తీసుకోలేదు. సంపు కడిగి ముప్పై నెంబరు పోశాను. పాత ఇంజనులో అరుగుదలకు సందులు పెద్దవి, చిక్కటి నూనె ఉంటేనే వాటిలో నిలుస్తుంది. కొత్త ఇంజనులో సందు వెంట్రుకవాసి, పల్చటిది ఉంటేనే దూరుతుంది. ఎండాకాలం రాగానే నూనె వేడికి ఇంకా పల్చబడుతుంది కాబట్టి అప్పుడు నలభైకి మారాలి. ఇంతకంటే ఇందులో రహస్యం లేదు. ముహూర్తం సంగతి రంగమ్మగారే తేల్చింది. బండిని పశువుల కొట్టం వెనక స్టార్టు చేసి కాసేపు తిరగనిచ్చి, ఘడియ రాగానే వాకిట్లోకి తేవాలి, ప్రయాణం గడప దగ్గర నుంచి లెక్క. శెట్టిగారు కాదనలేదు. ఆ గురువారం నేనే తోలుకుని వాళ్ళను గిద్దలూరు తీసుకుపోయి తెచ్చాను. ముల్లు మొదట కొంచెం లేచి, ఇంజను వెచ్చబడగానే దిగి, ఉండాల్సిన చోట నిలబడింది. టకటక లేదు.

శెట్టిగారి దుకాణంలో కూర్చుని తెలుగులో చిట్టీ రాశాను. కింద నా సంతకం, దాని కింద ఆయన సంతకం. "మళ్ళా రమ్మన్నానని చెప్పు వానికి" అన్నారాయన.

ఆదివారం పొదిలి బస్సెక్కి కొనకనమిట్ల దగ్గర దిగి పల్లెకు నడిచాను. చెన్నయ్య కళ్ళంలో కందికట్టె కొడుతున్నాడు. నన్ను చూసి కట్టె పక్కన పడేసి, ఏమీ అడగకుండా ఇంటికి తీసుకుపోయాడు. వసారాలో మంచం మీద వాళ్ళ నాయన గురవయ్య కూర్చుని ఉన్నాడు. గడ్డం బాగా మాసి ఉంది.

"చెవులు సరిగా వినబడవన్నా" అన్నాడు చెన్నయ్య మెల్లగా. "ఊళ్ళో తెలిసిపోయింది, శెట్టి బండి చెడగొట్టినానని తరిమేసినారని. మంగలాయన కాడికి పోతే నలుగురూ అడుగుతారని నాయన పది దినాలుగా ఇంట్లోంచి కదల్లేదు."

నేను చిట్టీ తీసి ఇచ్చాను. అతను తిప్పి చూసి మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. "నాకు చదవను రాదు గదన్నా. నువ్వే చదువు."

రాసేటప్పుడు అది కాగితం. చదివేటప్పుడు అది నా నోరు. అయినా చదివాను. 'చెన్నయ్య బండిని జాగ్రత్తగా తోలినాడు. ఇంజను రెండుసార్లు పోయింది తగని నూనె పోసినందువల్ల. ఆ నూనె చెప్పింది, సరిగా చూడకుండా ఇతని మీద మాట వేసింది మెకానిక్ బ్రహ్మయ్య అనే నేను. ఇతని తప్పు ఏమీ లేదు.' చెన్నయ్య నేల చూస్తూ విన్నాడు.

"శెట్టిగారు మళ్ళా రమ్మంటా ఉన్నారు" అన్నాను.

"నేను నంద్యాలకే పోతానన్నా. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకు ఇంజను తెలీదు" అన్నాడు. కొంచెం ఆగి, "నీకు తెలుసు గదా. నన్నొక మాట అడిగింటే చెప్పేవాణ్ణి. పొద్దున్నే బండి ఎట్ల బరువుగా తిరుగుతా ఉందో, ముల్లు ఎంతదాకా లేస్తా ఉందో, అన్నీ నాకు ఎరుకే" అన్నాడు.

నేను చిట్టీని మడతపెట్టసాగాను.

ముసలాయన అప్పటిదాకా మా ఇద్దరి మొహాలు మార్చి మార్చి చూస్తున్నాడు. "ఏమని రాసినారు?" అన్నాడు.

"మనోని తప్పు లేదని రాసినాను పెదనాయనా" అన్నాను గట్టిగా.

"మరి ఎవురి తప్పంట?"

"నాది."

"మల్లొకసారి చదువు" అన్నాడు. "గట్టిగా చదువు."

నేను లేచి నిలబడి మొదటి నుంచీ గట్టిగా చదివాను. పక్కింటి గోడ మీదుగా ఇద్దరు ఆడవాళ్ళు తలలు పైకెత్తారు, బాటన పోయే ఒకాయన ఆగాడు. నా పేరు వచ్చిన చోట గొంతు తగ్గబోయింది. తగ్గనివ్వలేదు. అయిపోయాక ముసలాయన గడ్డం ఒకసారి తడుముకుని కొడుకుతో, "రేపు పొద్దున మంగలాయన కాడికి పోతా" అన్నాడు.

చెన్నయ్య నంద్యాల బస్సు మీద చేరి చాలా ఏళ్ళు తోలాడు. శెట్టిగారి కారు కూడా చాలా ఏళ్ళు తిరిగింది. నా షెడ్డుకు లారీలు తగ్గుతాయనుకున్నాను, కొన్నాళ్ళు తగ్గాయి కూడా. ఆ తర్వాత నేను ఎవరికి నూనె నెంబరు చెప్పినా ఏ బండికో, ఏ కాలానికో కలిపి కాగితం మీద రాసి ఇస్తూ వచ్చాను. బండి చెడి షెడ్డుకు వస్తే బానెట్ ఎత్తకముందు తోలేవాణ్ణి కూర్చోబెట్టి, ఏం జరిగిందో చెప్పమని అడిగి, చివరిదాకా వింటాను. నేను తల ఎత్తకుండా అన్న ఒక్క మాటకు ఒక తండ్రి పది రోజులు ఊరికి మొహం చాటేసి కూర్చున్నాడు. పని తెలిసినవాడి మాటను జనం నమ్ముతారు, అందుకే వాడు మిగిలినవాళ్ళ కంటే ఆలస్యంగా మాట్లాడాలి.